కోడిపిల్ల గుండీ

పెళ్ళయిన నాలుగో నెలలో మా ఆయన నా ట్రంకుపెట్టె అడుగున ఒక నోటుపుస్తకం పట్టుకున్నారు. దొంగను పట్టుకున్నట్టే పట్టుకుని, తలుపు దగ్గర వెలుగులోకి తీసుకెళ్ళి, "ఏమిటోయ్ ఇది?" అన్నారు.

"చాకలి పద్దు" అన్నాను.

"చాకలి పద్దులో ఏనుగు బొమ్మ ఉంటుందా?" అంటూ ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కాకినాడలో బి.ఏ. చదివే రోజుల్లో, ఆర్థికశాస్త్రం పాఠం శ్రద్ధగా వింటున్న మొహం పెట్టి, వెనక బెంచీలో రాసుకున్న పిల్లల పాటలవి. పన్నెండు పాటలు, పన్నెండు బొమ్మలు. ఆయన మొదటినుంచి చివరిదాకా పైకి చదివారు. ఆయనకు రాగం రాదు. ఏనుగు పాటను కూడా స్టేషనులో రైలు వేళలు చెప్పినట్టు చదివారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటున్నాను. ఆఖరి పాట అయ్యాక పుస్తకం మూసి, "దీన్ని అచ్చు వేద్దాం" అన్నారు.

"ఎవరు వేస్తారు?"

"మనమే."

ఆ రోజుల్లో నాకు "మనం" అన్న మాట వినిపిస్తే చాలు, అందులో ఏముందో చూడకుండానే తల ఊపేసేదాన్ని.

ఆయన పేరు చలపతిరావు. నోటితో అనలేను గాని రాయడానికి నాకు సిగ్గు లేదు. హైదరాబాదు శివార్లలో రామచంద్రపురం కర్మాగారంలో ఇంజనీరు. కంపెనీ క్వార్టర్సు వచ్చేదాకా తెల్లాపూర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. డెబ్భై నాలుగో సంవత్సరంలో తెల్లాపూర్ అంటే జొన్నచేలు, సాయంత్రం ఇంటిముఖం పట్టే గేదెలు, ఎవరో సరదాకి ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టుండే బండరాళ్ళు. ఆ రాళ్ళను చూస్తే నాకు రోజూ సంతోషమే. కుండలో నీళ్ళు చల్లగా ఉన్నా సంతోషమే. ఆయన సైకిలు గంట మలుపు దగ్గర మోగితే ఇక చెప్పక్కర్లేదు, పొయ్యి మీద పాలు పొంగిపోతాయి.

ఆ ఇల్లుగలావిడ పేరు రుక్కమ్మ. యాభై దాటిన మనిషి. నడుముకు ఎప్పుడూ ఒక గుడ్డసంచి వేలాడుతుంది. అందులో తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బా. నోరు ఎప్పుడూ ఎర్రగా ఉంటుంది. మేం దిగిన మొదటి రోజు "రుక్కమ్మగారూ, బిందె ఎక్కడ కడుక్కోమంటారు?" అని అడిగితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"గారేంది బిడ్డ? నేనేమన్న తాసిల్దారునా? పెద్దమ్మ అను."

అప్పటినుంచి పెద్దమ్మే.

నోటుపుస్తకం దొరికిన ఆదివారమే లింగంపల్లిలో రైలెక్కి నాంపల్లి వెళ్ళాం. స్టేషను వెనక సందులో లింగమూర్తిగారి ప్రెస్సు ఉంది. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఒకటి, అక్షరాల అరలు నాలుగు, అన్నిటి మీదా సిరా వాసన. ఆ వాసన నాకు ఎంత నచ్చిందంటే, ఆయన బేరం మాట్లాడుతుంటే నేను ఊరికే గాలి పీలుస్తూ నిలబడ్డాను.

లింగమూర్తిగారు బొమ్మలన్నీ తిరగేసి, "రంగులల్ల అచ్చు గావాల్నంటె ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క బ్లాకు జెయ్యాలె సార్, ఒక్కొక్క పేజీ మూడు మాట్ల తొక్కాలె" అన్నారు. తర్వాత మా ఇద్దరినీ, నా మెడలో ఇంకా మెరుస్తున్న నల్లపూసలనీ చూసి నవ్వారు. "కొత్తగ పెండ్లి చేసుకున్నట్టున్నరు. గంత ఖర్చు ఎందుకు? నల్లగీతలు నేను గొట్టిస్త. రంగులు ఇంట్ల కూసోని మీరే ఏసుకోండ్రి."

ఆయన హాస్యానికి అన్నారు. మేం దాన్ని సలహాగా తీసుకున్నాం.

"కాని ఒక్కటి" అన్నారు లింగమూర్తిగారు, సిరా చేతిని గుడ్డకు తుడుచుకుంటూ. "కాయితానికి కరువున్నది. మూడొందల పుస్తకాలకు సరిపోయేటంత మంచి కాయితం ఎవరిదో ఆర్డరుది మిగిలింది. గదే మీకు ఇస్త. ఖరాబైతే మల్ల నన్ను అడగొద్దు. నా తాన లేదు, ఊళ్ళె లేదు."

అచ్చయిన కాగితాలు ఇంటికొచ్చేలోపల ఇంకో ప్రశ్న వచ్చింది. మూడు వందల పుస్తకాలు ఎవరికిస్తాం? నాకున్న చుట్టాల్లో పిల్లలు పదకొండు మంది. దానికీ మా ఆయన దగ్గర జవాబుంది. కర్మాగారం కాలనీలో బడి ఉంది. ప్రధానోపాధ్యాయురాలు రాజరాజేశ్వరిగారు ఏలూరు వైపు మనిషి. ఆవిడ ముందు మావారు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డారు. పిల్లల గోళ్ళు ఆవిడ స్వయంగా చూస్తారని, గోళ్ళలో మట్టి ఉంటే ఇంటికి పంపేస్తారని కాలనీలో చెప్పుకుంటారు.

ఆవిడ నా పాటలు కళ్ళజోడు పెట్టుకుని చదివారు, తీసేసి ఒకసారి చదివారు.

"బాగున్నాయమ్మాయ్. బాలల దినోత్సవం నాడు ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలకి పంచుతాను. మూడొందలూ నావే."

నేను కుర్చీలోంచి లేవబోయాను.

"కూర్చో. ఇంకా అవలేదు. చేత్తో రంగులు వేస్తానంటున్నావు. ఒక్క మరక కనబడిందా, మొత్తం కట్ట నీకే తిప్పి పంపుతాను. శుభ్రంగా ఉండండర్రా అని రోజూ చెప్పే నోటితో మరకల పుస్తకం ఎలా ఇవ్వను?"

"ఒక్క మరకా ఉండదండి" అన్నాను. ఆ ఉదయమే మావారి తెల్లచొక్కా మీద పులుసు ఒలకబోసినదాన్ని, ఆ ధైర్యం నాకు ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు.

ఆ తర్వాత నెలరోజులు మా వంటిల్లే రంగుల కార్ఖానా. పసుపు తుమ్మజిగురు నీళ్ళలో ఉడికిస్తే పచ్చటి రంగు. బట్టలకు పెట్టే నీలిమందు నీలం. పెరట్లో చిక్కుడాకు నలిపితే ఆకుపచ్చ. చీపురుపుల్లకు దూది చుడితే కుంచె. ఎరుపు కోసం, ప్రెస్సులో పాడైన అచ్చుల మీద నా తిలకం సీసా మొత్తం ఖర్చు చేసి చూశాను గాని పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తే చిలక ముక్కు ఎదుటి పేజీలోకి వెళ్ళిపోయింది. "ఎరుపు లేకుండానే కానిద్దాం" అన్నారు మావారు. చిలకకు ఆకుపచ్చ ముక్కే పెట్టాం. పసుపు ఎండలో ఆరబెడితే సాయంత్రానికి వెలిసిపోతోందని కూడా ఆయనే కనిపెట్టారు. ఎండలో పెట్టిన సూర్యుళ్ళు ఆరు గంటలకల్లా జ్వరం పడి లేచినట్టు పాలిపోయాయి. అందుకని లోపలి గదిలో తాళ్ళు కట్టి నీడలో ఆరబెట్టాం. రాత్రి నిద్రపట్టే ముందు మా తలల మీద ఏనుగులు, బాతులు, రైలుబళ్ళు గాలికి ఊగుతుంటే, అంత బాగున్న పందిరి మా పెళ్ళిలో కూడా లేదనిపించేది.

రుక్కమ్మ పెద్దమ్మ రోజూ మా గడప మీద వచ్చి కూర్చునేది.

"ఏం వంట బిడ్డ గిది? పసుపు తప్ప ఏం కనవడ్తలేదు."

"రంగు పెద్దమ్మా."

"మీ సారుకు గిదే పెడ్తున్నవా? పాపం, అందుకే బక్కగున్నడు."

ఆకు మీద సున్నం రాసుకుని, మడిచి నోట్లో పెట్టుకుని, నా చేతివైపే చూస్తూ ఉండేది. "నేనొక చెయ్యి ఏస్త, ఇయ్యి" అని రెండు మూడు సార్లు అడిగింది కూడా. "మీకెందుకు పెద్దమ్మా శ్రమ" అనేదాన్ని. అది మర్యాద మాట. అసలు సంగతి, ఎక్కడ మరక పడుతుందోనని నా భయం.

నవంబరు పదో తారీకు ఆదివారానికి పదకొండు బొమ్మలు పూర్తయ్యాయి. కోడిపిల్ల పేజీ ఒక్కటే మిగిలింది. దానిలో నూట అరవై నేను వేశాను, ఇంకా నూట నలభై ఉన్నాయి. కాని ఆవేళ నాంపల్లి వెళ్ళి అట్టలు తెచ్చుకోవాలి. గది తాళంచెవి పెద్దమ్మకిచ్చి, "పిల్లి దూరకుండా కాస్త చూస్తుండండి" అని చెప్పి బయలుదేరాం. అట్టలు తీసుకున్నాం. ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. బిస్కెట్టు చాయ్‌లో ఎంతసేపు ముంచితే విరగదో ఆయన గడియారం పెట్టి లెక్క చూశారు, మూడుసార్లు విరిగింది. రైలు కిటికీ దగ్గర కూర్చుని సంధ్యవేళకు ఇల్లు చేరాం.

పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది, మా కోసమే ఎదురుచూస్తున్నట్టు.

"పో బిడ్డ, లోపలికి పోయి సూడు" అంది. మొహం నిండా నవ్వు.

లోపల నూట నలభై కోడిపిల్లలూ తాళ్ళ మీద ఆరిపోయి ఉన్నాయి. పచ్చగా, నిండుగా. గీత దాటిన రంగు ఒక్క చోటా లేదు. నావాటికంటే బాగున్నాయి. నా కళ్ళు చెమర్చాయి. దగ్గరికి వెళ్ళాను.

ప్రతి కోడిపిల్ల గుండె మీదా, సరిగ్గా మధ్యలో, బొటనవేలంత ఎర్రటి మరక.

ఒకటి తిప్పాను. ఇంకోటి. ఇంకోటి. అన్నిటికీ ఉంది.

"పెద్దమ్మా, ఇదేమిటి?"

ఆవిడ గడప దాటి వచ్చి చూసింది. "నేను సూడలే బిడ్డ. చీకటి గదిల ఏసిన. ఆరిందో లేదో అని ఏలు పెట్టి సూసిన, గంతే. అప్పడాలు ఎండవెట్టినప్పుడు సూస్తం గద, గట్ల."

మావారు కాగితాలను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వరసగా పరిచారు. "చూడు బాలా, విచిత్రం! ఇది చిక్కటి ఎరుపు. దీని తర్వాతది కాస్త తక్కువ. ఇది గులాబీ. ఇది దాదాపు లేదు. మళ్ళీ ఇక్కడ చిక్కన. అంటే ఈ మధ్యలో పెద్దమ్మగారు ఆకు వేసుకున్నారన్నమాట. మొత్తం పద్నాలుగు సార్లు!"

"గన్ని సార్లు ఏసుకోలే సారు, పన్నెండే" అంది పెద్దమ్మ.

నేను నవ్వలేదు. అయిదు నెలల కిందట ఇదే పసుపూ ఇదే సున్నమూ కలిపి నా పాదాలకు పారాణి పూశారు. పళ్ళెంలో ఎర్రనీళ్ళు తిప్పి నన్ను ఇంట్లోకి పిలిచారు. డిగ్రీ చదివాను. సున్నం వేలితో రోజంతా నా గడప మీద కూర్చునే మనిషిని చూస్తూ, ఇంటి నిండా పసుపు ఉడికించాను, ఒక్కసారి తట్టలేదు. ఇప్పుడు కాగితం లేదు, నాలుగు రోజుల్లో బాలల దినోత్సవం, రాజరాజేశ్వరిగారు మొత్తం కట్ట తిప్పి పంపుతారు. మూడు వందల పుస్తకాలు, పన్నెండు పాటలు, అన్నీ మా మంచం కింద. ఏడుపొచ్చేసింది.

"ఏంది బిడ్డ, గంత పరేషానయితున్నవ్?"

వెక్కిళ్ళ మధ్య బడి సంగతి, మరకల సంగతి చెప్పాను. పెద్దమ్మ మొహంలో నవ్వు పోయింది. "నేను మంచిగ జేద్దామనుకున్న" అంది. తన వైపు వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే మావారు నన్ను లేపారు. చేతిలో సగం కోసిన నిమ్మకాయ, పుల్లకు చుట్టిన దూది. "ఇటు చూడు" అని ఎర్రమరక మీద రెండు చుక్కలు రాశారు. ఎరుపు మాయమై పసుపు తిరిగి వచ్చింది! నేను మంచం మీదే గంతు వేశాను. ఆరాక అక్కడ కాగితం కాస్త ఉబ్బి, ముడత పడింది గాని, వేలు పెడితే తప్ప తెలియదు.

"ముప్ఫై నిమ్మకాయలు చాలు. సాయంత్రానికి అన్నీ మామూలైపోతాయి" అని చెప్పి ఆయన సైకిలెక్కారు.

నిమ్మచెట్టు పెద్దమ్మ పెరట్లోనే ఉంది. వెళ్ళక తప్పలేదు. ఆవిడ గిన్నెలు తోముతోంది. నావైపు చూడలేదు.

"పెద్దమ్మా, నిమ్మకాయలు కావాలి."

"తెంపుకో."

పమిటలో వేసుకుంటున్నాను. పది, పదిహేను.

"గన్ని ఎందుకు? షర్బత్ జేస్తవా?"

"ఆ ఎరుపు పోగొట్టడానికి."

పెద్దమ్మ చేతిలో గిన్నె ఆగింది. "గా కాయితం మీద ఏం రాసుంది బిడ్డ?" అని అడిగింది.

నెలరోజులు ఆవిడ నా గడప మీద కూర్చుంది. పన్నెండు బొమ్మలు ఎదురుగా ఆరబెట్టాను. పిల్లల కోసం పాటలు రాశానని ఎంతమందికి ఉత్తరాలు రాశానో! ఈవిడకు చదువు రాదని తెలుసు. అయినా ఒక్క పాట, ఒక్క ముక్క, చదివి వినిపించలేదు. లోపలికి పరుగెత్తి కోడిపిల్ల పేజీ తెచ్చి, నిమ్మకాయలు ఒళ్ళో పెట్టుకుని, బావి గట్టు మీద కూర్చుని చదివాను.

కోడిపిల్లా, కోడిపిల్లా,
కొత్తచొక్కా ఎక్కడిదే?
గుడ్డు లోపల కూర్చొనుండగ
కుట్టిన దర్జీ ఎవ్వరటే?
చేతులున్నవి, జేబులున్నవి,
చెప్పుకోకు గొప్పలన్నీ!
గుండీ ఏదీ? గుండీ ఏదీ?
గుప్పిట విప్పి చూపించవే!

పెద్దమ్మ ముందు కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. గిన్నె పక్కన పెట్టి, బూడిద చేత్తోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నువ్వే అడిగితివి గద బిడ్డ, గుండీ ఏది అని! గది సూపెట్టింది. మల్ల ఎందుకు తుడుస్తవ్?"

నేను కాగితం వైపు చూశాను. పచ్చటి చొక్కా. మధ్యలో ఎర్రటి గుండీ. నిజంగానే గుండీ.

"ఇగో సూడు" అని పెద్దమ్మ తన బొటనవేలు నా మొహం ముందు పెట్టింది. "పట్వారి కాయితాల మీద ఈ ఏలు ఏసినప్పుడల్లా ఏదో ఒకటి పోయింది. ఒకపారి పొలం పోయింది. ఒకపారి బాయిల వాటా పోయింది. ఏలు ఏస్తే ఇంత మంచిగ ఒచ్చుడు గిదే మొదలు. నువ్వేమో నిమ్మకాయ పట్టుకొస్తివి."

నిమ్మకాయలు నా ఒళ్ళోంచి ఒక్కొక్కటే జారి బావి గట్టు మీద దొర్లాయి. ఇప్పుడు నా కంటికి అసలు తప్పు వేరే కనబడుతోంది. లోపల నేను వేసిన నూట అరవై కోడిపిల్లలు గుండీల్లేని చొక్కాలతో వేలాడుతున్నాయి.

"పెద్దమ్మా, మరి నావో?"

"నీయి బోడిగనే ఉంచుతవా? సున్నం లేదా నా తాన?"

మధ్యాహ్నమంతా గుండీలు పెట్టాం. సున్నం పలచగా కలిపి, ఆవిడ వేలు ముంచి ఒత్తుతుంది, నేను కాగితం లాగుతాను. వేలు ఒత్తినప్పుడల్లా పసుపులోంచి ఎరుపు మెల్లగా లేచి వచ్చేది, ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టలేదు. పనితోపాటు మిగిలిన పదకొండు పాటలూ చదివి వినిపించాను. రైలు పాట ఆవిడకు నచ్చలేదు. "గంత ఉరుకుడు ఎందుకు దానికి? జర ఆగి నీళ్ళు తాగుమను" అంది. ఏనుగు పాట నాలుగుసార్లు చదివించుకుంది.

సాయంత్రం మావారు వచ్చేసరికి కంచంలో నిమ్మకాయ పులిహోర సిద్ధంగా ఉంది. ఆయన తాళ్ళవైపు చూశారు, కంచంవైపు చూశారు.

"నిమ్మకాయలు?"

"మీ ముందే ఉన్నాయి. తినండి."

సంగతంతా విని ఆయన చాలాసేపు పులిహోర నమిలారు. "బాగుంది. చాలా బాగుంది. కాని రాజరాజేశ్వరిగారితో ఏం చెబుతావు?"

"మరక కాదు, గుండీ అని చెబుతాను."

"ఆవిడ కళ్ళజోడులోంచి చూస్తుండగా చెప్పగలవా?"

ఇంకో గరిటెడు పులిహోర వడ్డించాను.

మంగళ, బుధవారాలు కూర్చుని పుస్తకాలన్నీ కుట్టి అట్టలు వేశాం. గురువారం పొద్దున రెండు పెద్ద కట్టలు సైకిలుకు కట్టి ఆయన, బస్సులో నేనూ పెద్దమ్మా కాలనీ బడికి చేరాం. పెద్దమ్మ పట్టంచు చీర కట్టుకుంది. మైదానంలో పిల్లలు వరసల్లో కూర్చున్నారు. నూనె పెట్టి దువ్విన తలలు, కత్తిరించిన గోళ్ళు. పెద్దమ్మ తల్లుల మధ్య చెట్టు నీడన కూర్చుంది. నన్ను వేదిక మీద, రాజరాజేశ్వరిగారి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు.

యజ్ఞనారాయణగారని మూడో తరగతి మాస్టారు, ఇంకొందరు టీచర్లు పుస్తకాలు పంచుతున్నారు. "చెప్పేదాకా ఎవ్వరూ తెరవకూడదు" అని యజ్ఞనారాయణగారు గట్టిగా చెప్పారు. ఒకటి ప్రధానోపాధ్యాయురాలి చేతికి కూడా ఇచ్చారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్నారు. ఏనుగు. బాగుందన్నట్టు తల ఊపారు. రైలు. బాతు. చిలక. కోడిపిల్ల.

తల ఊపడం ఆగింది. ఆవిడ గోటితో ఆ ఎరుపును గీరి చూశారు.

"అమ్మాయ్, ఇదేమిటి?"

"గుండీ అండి" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"ఏమిటీ?"

"గుండీ అండి. చొక్కా గుండీ."

"నాకు చెబుతున్నావా? పసుపు మీద సున్నం పడిన మరక ఇది. మా ఇంట్లో ఎన్ని పెళ్ళిళ్ళకు పారాణి కలిపానో నీకు తెలుసా? ఒక్క మరక కూడా ఉండకూడదని అంత స్పష్టంగా చెప్పాను." పక్కన ఉన్న ఇంకో పుస్తకం తెరిచారు. "దీనిలోనూ ఉంది!" మరొకటి తెరిచారు. "దీనిలోనూ! యజ్ఞనారాయణగారూ, పుస్తకాలన్నీ వెనక్కి..."

ఆవిడ చెయ్యి ఎత్తారు. కాని పిల్లలు ఎక్కడ ఆగుతారు? అప్పటికే సగం మంది తెరిచేశారు. రెండో తరగతి వరసలోంచి ఒక పిల్ల, వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదువుతోంది. "గుం... డీ... ఏ... దీ? గుండీ ఏదీ?" ఒక్క క్షణం ఆగి, కాగితం మీద చూసి, "ఇదిగో!" అని కేక వేసింది.

పక్కపిల్ల తన పుస్తకం తెరిచింది. "నాకూ ఉంది! ఇదిగో!"

ఆ కేక వరస వరసంతా పాకింది. ఒకటో తరగతి వాళ్ళకు చదవడం రాదు, అయినా వాళ్ళే ఎక్కువ అరిచారు. "గుండీ ఏదీ?" అని ఒకరంటే, "ఇదిగో!" అని మిగిలిన వాళ్ళు వేలు పెట్టి చూపించడం. మూడు వందల గొంతులు. చెట్టు కింద తల్లులు కూడా నవ్వుతున్నారు. రాజరాజేశ్వరిగారి చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉంది. యజ్ఞనారాయణగారు ఆ చేతివైపే చూస్తూ, పుస్తకాలు తీసుకోవాలో వద్దో తెలియక నిలబడ్డారు.

అంతలో ముందు వరసలోంచి ఏడుపు. ఒకటో తరగతి పాప, ఎర్రరిబ్బన్లు, పుస్తకం పట్టుకుని నేరుగా వేదిక దగ్గరికి వచ్చేసింది.

"టీచర్, నా కోడిపిల్లకు గుండీ లేదూ..."

మూడు వందల్లో ఒకటి మా కళ్ళు తప్పింది. రాజరాజేశ్వరిగారు వంగి ఆ పుస్తకం చూశారు. ఏ మరకా లేని, శుభ్రమైన కోడిపిల్ల. ఆవిడ చూస్తున్న కొద్దీ పాప ఏడుపు పెరుగుతోంది. ఆవిడ మెల్లగా తల తిప్పి నన్ను చూశారు.

"అందరికీ పెట్టి ఈ పిల్లకెందుకు పెట్టలేదమ్మాయ్? బళ్ళో పిల్లలకి ఒకళ్ళకుండి ఒకళ్ళకి లేకపోతే ఎలా?"

నేను తెల్లబోయి చూస్తుండగానే చెట్టు కిందనుంచి పెద్దమ్మ లేచి వచ్చింది. "ఏడ్వకు బిడ్డ, ఫికర్ జెయ్యకు" అంటూ పాప ముందు చతికిలబడి, నడుము సంచిలోంచి సున్నం డబ్బా తీసి, నాలుగు నీటి చుక్కలు కలిపి, వేలు ముంచి ఒత్తింది. పసుపులోంచి ఎరుపు లేచింది. పాప ముక్కు ఎగబీల్చి, నోరు తెరిచి చూసింది. చుట్టూ ఉన్న పిల్లలూ చూశారు. అంతే. ఇంకెవరినీ ఆపే మార్గం లేకపోయింది.

"అవ్వా, నా సూర్యుడికి గుండీ పెట్టు!"

"నా మామిడిపండుకు!"

"నాకు రెండు!"

"లైన్ల నిలవడుండ్రి! ఒకరెనుక ఒకరు! నెట్టుకుంటె ఎవ్వనికి పెట్ట!" అని పెద్దమ్మ గద్దించింది. యజ్ఞనారాయణగారి గొంతుకు కూడా రాని వరస ఒక్క నిమిషంలో తయారైంది. పచ్చగా ఉన్న ప్రతిదానికీ గుండీ పడింది. ఒక పిల్ల ఏనుగు పేజీ తెరిచి ఇచ్చింది. పెద్దమ్మ వేలు ఒత్తింది. నీలిమందు మీద సున్నానికి ఏమవుతుంది, తెల్లటి మచ్చ పడింది.

"ఎర్రగా రాలేదవ్వా!"

"ఏనుగుకు గుండీలు ఆగయి బిడ్డ. పొట్ట పెద్దది, తెగిపోతయి."

ఆ పిల్లకు అది పూర్తిగా సమంజసంగా తోచింది. నేను వేదిక దిగి పెద్దమ్మ పక్కన కూర్చుని పేజీలు పట్టుకుంటున్నాను. దూరంగా మావారు సైకిలుకు ఆనుకుని, నవ్వుతూ, ఖాళీ తాళ్ళు చుట్టుకుంటున్నారు. నా చెంప మీద సున్నం అంటింది, తుడుచుకోలేదు.

మా తలల మీదుగా ఒక చెయ్యి వచ్చింది. జరీ అంచు, చేతిగడియారం, కత్తిరించిన గోళ్ళు, సూర్యుడి పేజీ దగ్గర తెరిచిన పుస్తకం. నేను తల ఎత్తి, గబుక్కున లేవబోయాను. పెద్దమ్మ మాత్రం ఎత్తలేదు. ఆవిడకు కనబడేది పుస్తకాలే.

"జర ఎనుక నిలవడు బిడ్డ. నీకంటె ముందుగాల శానమంది ఉన్నరు."

రాజరాజేశ్వరిగారు వరసవైపు ఒకసారి చూశారు. పుస్తకం మూయకుండా, పేజీకి వేలు అడ్డం పెట్టుకుని, వరస చివరికి నడిచి, రెండు జడల పిల్ల వెనక నిలబడ్డారు.